మడిలో నీళ్లుంటే ఒక విషం, ఆరబెడితే ఇంకొకటి

పొట్ట దశలో ఉన్న వరి మడిలో దిగి పిడికెడు బురద పైకి తీస్తే మూడు రంగులు కనబడతాయి. పైన పలచటి పొర గోధుమ రంగులో ఉంటుంది. దాని కింద బూడిద రంగు, ఇంకాస్త లోతున నలుపు. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే మురిగిన కోడిగుడ్డు వాసన. అక్కడే ఒక దుబ్బు పీకి కడిగితే వేళ్ల మీద తుప్పు పట్టినట్టు ఎర్రటి పూత కనిపిస్తుంది. వరి పండించేవాళ్లకి ఇదేమీ వింత కాదు. అయితే బియ్యంలోకి కాడ్మియం ఎప్పుడొస్తుంది, ఆర్సెనిక్ ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్నకి జవాబు చాలావరకు ఈ రంగుల్లో, ఈ వాసనలోనే ఉంది.

పత్తి, కంది, మొక్కజొన్న వేళ్లు గాలి ఆడే నేలలో పెరుగుతాయి. వరి ఒక్కటే దమ్ము చేసిన మడిలో, నిలవ నీటిలో పెరుగుతుంది. నీళ్లు నిలిచిన కొద్ది రోజులకే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అప్పుడు ఇనుప తుప్పునీ, గంధకం ఉన్న లవణాలనీ వాడుకోవడం మొదలుపెడతాయి. తుప్పు కరుగుతుంది. గంధకం సల్ఫైడ్‌గా మారుతుంది. ఆ గుడ్డు వాసన దానిదే.

ఆర్సెనిక్ అంటే పాతకాలం వాళ్లు పాషాణం అన్నదే. రసాయన శాస్త్రం ప్రకారం ఇది అచ్చమైన లోహం కాదు. విషాల లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఎవరూ పట్టించుకోరు, భార లోహాల పద్దులోనే వేసేస్తారు. గాలి ఆడే నేలలో ఇది ఇనుప తుప్పుకి అంటుకుని కదలకుండా పడి ఉంటుంది. మడి నిండా నీళ్లు పెట్టాక తుప్పు కరిగితే పట్టు వదిలి నీటిలోకి వస్తుంది. ఆ రూపంలో దానికీ సిలికాకీ తేడా వరి వేరుకి తెలియదు. వరేమో సిలికాని విపరీతంగా పీల్చే మొక్క. కలుపు తీసేటప్పుడు ఆకు అంచు చేతికి గరగరా తగిలేది ఆ సిలికా వల్లే. సిలికా కోసం తెరిచి పెట్టిన దారినే ఆర్సెనిక్ కూడా లోపలికి పోతుంది. వేరు మీది ఎర్రటి పూత అందులో కొంత భాగాన్ని పట్టి ఆపుతుంది, అంతా ఆపలేదు.

కాడ్మియం దీనికి సరిగ్గా తలకిందులు. నీళ్లు నిలిచి ఉన్నన్నాళ్లూ సల్ఫైడ్‌తో కలిసి, కరగని పదార్థంగా ఆ నల్ల బురదలో కూరుకుపోయి ఉంటుంది. మడి ఆరి, నేల నెర్రెలు విచ్చి గాలి లోపలికి వెళ్లగానే సల్ఫైడ్ విరిగిపోతుంది, కాడ్మియం బయటపడుతుంది. మాంగనీసుని తీసుకునే దారిలో వేరులోకి, అక్కడినుంచి గింజలోకి చేరుతుంది. నేల పులుపెక్కి ఉంటే ఈ పని ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

అంటే నీళ్లు నిలబెడితే ఆర్సెనిక్, ఆరబెడితే కాడ్మియం. వరిలో లోహాల గురించి రాసే చాలామంది పేర్ల జాబితా ఇచ్చి, అన్నిటికీ కలిపి ఒకే జాగ్రత్త చెప్పేస్తారు. నేలలో ఉన్నది ఏదో తెలియకుండా ఇచ్చే సలహా సగంసార్లు బెడిసికొడుతుంది.

మిగతా లోహాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సీసం చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, గింజ దాకా వచ్చేది తక్కువ. క్రోమియం నిలవ నీటిలో కరగని రూపంలోకి మారుతుంది. జింక్, రాగి మోతాదు మించితే మనిషి కంటే ముందు పైరే చస్తుంది, కాబట్టి గింజ పళ్లెం దాకా రాదు. పాదరసం మాత్రం నిలవ నీటిలో మరింత విషపూరితమైన మిథైల్ రూపంలోకి మారుతుంది. చైనాలో గ్విజౌ రాష్ట్రంలోని వాన్‌షాన్ పాదరసం గనుల చుట్టుపక్కల ఊళ్లలో జనం ఒంట్లోకి అది చేరే ముఖ్యమైన దారి చేప కాదు, బియ్యం అని తేలింది. కాడ్మియంతో వచ్చిన చిక్కు వేరే. అది మనిషికి చేటు చేసే మోతాదులో గింజలో ఉన్నా పైరు పచ్చగానే ఉంటుంది. దిగుబడి తగ్గదు, గింజ రంగు మారదు.

జపాన్‌లో ఆ సంగతి తెలుసుకోవడానికి దశాబ్దాలు పట్టింది. తొయామా రాష్ట్రంలో జింజూ నది ఉంది. దాని ఎగువన, పక్క రాష్ట్రం గిఫులో కమియోకా గని. మిత్సుయి కంపెనీ అక్కడ జింక్, సీసం తవ్వేది. జింక్ ఖనిజం ఉన్నచోట కాడ్మియం కూడా తోడుగా ఉంటుంది. గని వ్యర్థాలు నదిలో కలిసేవి, ఆ నది నీళ్లే కింద ఊళ్ల వరి మడులకి పారేవి. ఆ ఊళ్లలో నడివయసు దాటిన ఆడవాళ్లకి, ముఖ్యంగా ఎక్కువ కాన్పులైనవాళ్లకి, ఎముకలు మెత్తబడి విరిగేవి. గట్టిగా దగ్గితే పక్కటెముక విరిగిన సందర్భాలున్నాయి. వాళ్లు ‘ఇతాయ్, ఇతాయ్’ అని మూలిగేవాళ్లు. మన భాషలో ‘నొప్పి, నొప్పి’ అని. జబ్బుకి ఆ మూలుగే పేరైంది.

మొదట దాన్ని ఆ ప్రాంతపు శాపం అనుకున్నారు, తరవాత తిండి లోపం అన్నారు. నొబోరు హగినో అనే స్థానిక డాక్టరు గని నీళ్ల మీద అనుమానం వ్యక్తం చేసి, కాడ్మియమే కారణమని వాదించాడు. ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. అదే ఏడాది బాధితులు కోర్టుకెక్కారు, 1971లో గెలిచారు, కంపెనీ అప్పీలుకి వెళ్తే 1972లో మళ్లీ గెలిచారు. ఆ గని పేరు ఇవాళ ప్రపంచానికి ఇంకో రకంగా తెలుసు. న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలని పట్టే సూపర్ కమియోకాండే ప్రయోగశాల ఉన్నది అక్కడే, భూగర్భంలో. ఒకే కొండ ఒక జబ్బుకీ, నోబెల్ బహుమతులకీ కారణమైంది.

ఆ పొలాలని బాగు చేసిన తీరు చూస్తే, ఒకసారి పాడైన మడి ఎంత ఖరీదో తెలుస్తుంది. కాడ్మియం కుళ్లిపోయేది కాదు, ఎండకి ఎగిరిపోయేదీ కాదు. చాలాచోట్ల కలుషితమైన పైమట్టిని లోతుగా పాతిపెట్టి, దాని మీద గట్టి పొర వేసి, ఆ పైన కొండల నుంచి తెచ్చిన మంచి మట్టి పరిచారు. 1979లో మొదలుపెట్టిన పని 2012లో పూర్తయింది. 33 ఏళ్లు. బాగుపడింది సుమారు 860 హెక్టార్లు, అంటే 2,100 ఎకరాల పైచిలుకు. ఖర్చు 4,000 కోట్ల యెన్‌ల పైమాటే. ఎకరానికి రెండు కోట్ల యెన్‌ల దాకా పడిందన్నమాట. ఎకరం వరి మీద ఏ రైతైనా ఎన్ని తరాలకి అంత సంపాదిస్తాడు?

ఇక పరిమితుల సంగతి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తెల్ల బియ్యంలో కిలోకి 0.4 మిల్లీగ్రాముల కాడ్మియం దాకా ఒప్పుకుంటుంది. చైనా 0.2 దగ్గర గీత గీసింది. ఐరోపా సమాఖ్య 2021లో 0.15కి దింపింది. ఈ అంకెని కిలో లెక్కన చదివితే అర్థం కాదు, పళ్లెం లెక్కన చదవాలి. ఐరాస నిపుణుల సంఘం 2010లో చెప్పిన ప్రకారం మనిషి బరువు కిలోకి నెలకి 25 మైక్రోగ్రాముల కాడ్మియం మించకూడదు. 60 కిలోల మనిషికి రోజుకి 50 మైక్రోగ్రాములు. 0.4 పరిమితి దగ్గరున్న బియ్యం 125 గ్రాములు తింటే ఆ రోజు కోటా అయిపోయినట్టే. అది ఒక పూట అన్నం. మూడు పూటలా అన్నమే తిని, రోజుకి 400 గ్రాముల బియ్యం వండుకునే కూలి మనిషికి అదే బియ్యం నుంచి 160 మైక్రోగ్రాములు అందుతాయి, మూడు రెట్లకి పైనే.

మార్కెట్లో దొరికే బియ్యమంతా ఆ పరిమితి అంచున ఉందని దీనర్థం కాదు. ఎక్కువ భాగంలో ఉండేది అందులో చిన్న వంతే. కానీ 0.4 అనేది ఎగుమతి దిగుమతుల బేరం సాగేందుకు కుదుర్చుకున్న అంకె. వారానికోసారి బిర్యానీ తినేవాడికి అది సరిపోవచ్చు. గంజి అన్నంతో బతికేవాడికి అది రక్ష అనుకోవడం పొరపాటు.

ఆర్సెనిక్‌లో ఎక్కువ హాని చేసే నిరింద్రియ రూపానికి కోడెక్స్ పరిమితి తెల్ల బియ్యంలో కిలోకి 0.2 మిల్లీగ్రాములు. 400 గ్రాములకి 80 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచినీళ్లకి పెట్టిన హద్దు లీటరుకి 10. అంటే పరిమితి లోపలే ఉన్న బియ్యం కూడా, హద్దు మీదున్న నీళ్లు ఎనిమిది లీటర్లు తాగినంత ఆర్సెనిక్ ఇవ్వగలదు. బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో ఇదే జరిగింది. బోరో పంటకి, అంటే మన దాళ్వా లాంటి ఎండాకాలం వరికి, లోతు తక్కువ బోర్ల నుంచి నీళ్లు తోడారు. లీటరుకి 100 మైక్రోగ్రాములున్న నీటిని ఒక పంటకి మీటరు లోతున పారిస్తే హెక్టారుకి కిలో ఆర్సెనిక్ మడిలోకి దిగుతుంది. అదీ ఏటా.

తిన్నవాళ్లందరికీ కాడ్మియం ఒకేలా పట్టదు. ఒంట్లో ఇనుము తక్కువుంటే పేగులు ఇనుము కోసం దారులు ఎక్కువ తెరుస్తాయి, ఆ దారినే కాడ్మియం కూడా దూరుతుంది. ఒకసారి మూత్రపిండాల్లో చేరిందంటే సగం బయటికి పోవడానికే పది నుంచి ముప్ఫై ఏళ్లు పడుతుంది. జింజూ ఒడ్డున కాన్పుల మీద కాన్పులైన ఆడవాళ్లే ఎక్కువగా జబ్బుపడడానికి ఆ ఇనుము లోపం ఒక కారణం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బియ్యంలో లోహాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండిటినీ కలిపి చూసినవాళ్లు తక్కువ.

వంటింట్లో చేయగలిగింది కొంత ఉంది, అది కూడా ఆర్సెనిక్ విషయంలోనే. ఎసరు ఎక్కువ పెట్టి, ఉడికాక గంజి వారిస్తే హానికరమైన ఆర్సెనిక్‌లో సగానికి దగ్గరగా గంజితో పోతుంది. అత్తెసరు పెట్టినా, కుక్కర్లో వండినా ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. వార్చిన గంజిలో ఉప్పేసుకుని తాగితే పోయిందంతా తిరిగి కడుపులోకే. ఆర్సెనిక్ తవుడు పొరలో ఎక్కువ కాబట్టి దంపుడు బియ్యంలో తెల్ల బియ్యం కంటే ఎక్కువ ఉంటుంది. ఆరోగ్యం కోసం దంపుడు బియ్యానికి మారినవాళ్లకి ఇది రుచించని మాట. పండిన నేల మంచిదైతే టెన్షన్ పడాల్సిన పని లేదు. కాడ్మియం మాత్రం గింజ లోపలి దాకా పరుచుకుని ఉంటుంది. వార్చినా, పాలిష్ పట్టినా పెద్దగా తగ్గదు.

కాబట్టి కాడ్మియాన్ని పొలంలోనే ఆపాలి. 2013లో చైనా గ్వాంగ్‌జౌ నగరంలో పరీక్షించిన 18 బియ్యం నమూనాల్లో 8 పరిమితి దాటాయి. వాటిలో చాలావరకు హునాన్ రాష్ట్రం బియ్యం. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వం బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో సాగు నేల నమూనాల్లో 19.4 శాతం హద్దు దాటాయని, కాడ్మియమే మొదటి స్థానంలో ఉందని తేలింది. హునాన్‌లో మొదలుపెట్టిన విరుగుడుకి వీఐపీ అని పేరు. మనకు తెలిసిన వీఐపీ కాదు, మూడు ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలు: కాడ్మియం తక్కువ పీల్చే వంగడం, నీటి యాజమాన్యం, సున్నం వేసి నేల పులుపు విరవడం. వంగడాల్లో జపాన్ ఇంకో అడుగు ముందుకేసింది. మాంగనీసు దారిని మూసేసిన రకాలని తయారుచేసింది. అకితా రాష్ట్రం 2025 నుంచి తన పేరున్న అకితాకొమాచి రకాన్ని అలాంటి కొత్త రకంతో మార్చుకుంది. దారి మూస్తే కాడ్మియంతో పాటు మాంగనీసూ తగ్గుతుంది, మాంగనీసు తగ్గితే గోధుమ రంగు మచ్చ తెగులు తొందరగా సోకుతుంది. ఏదీ ఊరికే రాదు.

నీటి యాజమాన్యం దగ్గరే అసలు పేచీ. కాడ్మియం ఉన్న మడులకి జపాన్ ఇచ్చే సలహా సూటిగా ఉంటుంది: వెన్ను తీయడానికి మూడు వారాల ముందు నుంచి, తీశాక మూడు వారాల దాకా నీళ్లు నిలబెట్టండి. మన దగ్గర ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్న మాట దీనికి ఎదురు. ఆరుతడి పెట్టండి, నీళ్లు ఆదా అవుతాయి, మీథేన్ సగం దాకా తగ్గుతుంది, కార్బన్ క్రెడిట్ల డబ్బులొస్తాయి అంటున్నారు. ఆరుతడి చెడ్డ పద్ధతేమీ కాదు. ఆర్సెనిక్ ఉన్న నేలకి అది మందు కూడా. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతిలోనే పూత ముందు ఒక వారం, తరవాత ఒక వారం నీళ్లు నిలబెట్టమని ఉంది. చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ పెట్టమనేది మిగతా రోజులకి. ప్రచారంలో ఆ గొట్టం మిగిలింది, ఆ రెండు వారాల మాట జారిపోతోంది. కాడ్మియం ఉన్న పులుపు నేలలో ఆ రెండు వారాలు కూడా చాలవు.

తెలుగు నేలల్లో అదృష్టం కొంత ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల నల్లరేగడి సాధారణంగా క్షారం వైపు ఉంటుంది. అలాంటి నేల కాడ్మియాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. బెంగాల్ లాంటి ఆర్సెనిక్ బోర్లు ఇక్కడ లేవు, మన బోర్లకి పట్టిన పీడ ఫ్లోరైడ్. ఎరువుల భయం కూడా లెక్క వేసి చూస్తే సద్దుమణుగుతుంది. ఐరోపా పెట్టిన హద్దు మీదే కాడ్మియం ఉందనుకున్నా ఒక డీఏపీ బస్తాలో ఉండేది గ్రామున్నర లోపు. ఎకరం పైమట్టి బరువు సుమారు 900 టన్నులు. ఏడాదికో బస్తా చొప్పున వేస్తే మట్టి కిలోకి 0.1 మిల్లీగ్రాము పెరగడానికి అరవై ఏళ్ల పైనే పడుతుంది. పట్టించుకోవాల్సిందే, పరుగులు పెట్టాల్సింది కాదు.

పరుగులు పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, అవి చిన్నచిన్న మచ్చల్లా ఉన్నాయి. 1970ల నుంచి పెరిగిన పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయాయి. వాగు నీళ్లతో పొలాలు పాడైన రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడి నేలల్లో లోహాలు పేరుకున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్ఐ) శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించారు, కాటేదాన్ పారిశ్రామికవాడ గురించి కూడా తరవాత రాశారు. మూసీ ఇంకో రకం. నగరం మురుగునంతా మోసుకుని, నదికి అడ్డంగా కట్టిన కత్వల దగ్గర ఆగుతూ, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా దారి పొడవునా వరి పండిస్తుంది. మురుగులో నత్రజని దండిగా ఉంటుంది కాబట్టి యూరియా ఖర్చు కలిసొస్తుంది. లోహాలు మాత్రం నీటిలో కంటే ఒండ్రులో ఎక్కువగా దిగుతాయి, నీళ్లు ఆగిన చోట పేరుకుంటాయి. నీటి నమూనా బాగుందని చెప్పే రిపోర్టు చూసి ఒండ్రు కూడా బాగుందనుకోకూడదు.

చెరువు పూడికమట్టికీ ఇదే వర్తిస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ట్రాక్టర్ల కొద్దీ పూడికమట్టి పొలాలకి వెళ్లింది. ఊరి చెరువు మట్టి చెల్క నేలకి బంగారమే, అందులో అనుమానం లేదు. ఫ్యాక్టరీ కాలువ కలిసే చెరువు మట్టి, పట్నం మురుగు కలిసే చెరువు మట్టి అలాంటివి కావు. రెండిటినీ చూసి తేడా చెప్పడం కుదరదు, రెండూ నల్లగా మెత్తగానే ఉంటాయి.

తేడా తెలియాలంటే పరీక్ష చేయాలి. 2015లోనే మొదలైన భూసార కార్డులో పన్నెండు అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. మొక్కకి ఏం కావాలో అన్నీ ఉన్నాయి. మనిషికి ఏం పడదో ఒక్కటీ లేదు. జింక్ కొలవడానికి ల్యాబ్‌లో మట్టిని డీటీపీఏ అనే ద్రావణంలో కలిపి, వడకట్టి, అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలో పెడతారు. ఒక్కో లోహానికి ఒక్కో దీపం ఉంటుంది. జింక్ దీపం తీసి కాడ్మియం దీపం పెడితే అదే సీసాలోని అదే ద్రావణం నుంచి కాడ్మియం కూడా చదవొచ్చు. మరీ తక్కువ మోతాదులు దానికి అందకపోవచ్చు, కానీ ప్రమాదకరంగా ఉన్న మడి ఏదో పట్టిస్తుంది. ఆర్సెనిక్‌కి అదనపు పరికరం కావాలి. ప్రతి పొలానికీ ఈ పరీక్షలు అక్కర్లేదు. పారిశ్రామికవాడల కింది వాగుల వెంట, మూసీ కత్వల కింద, నగరాల అంచున ఉన్న చెరువుల ఆయకట్టులో చేస్తే చాలు. ఆరుతడి గొట్టం పాతే ముందు ఆ మడికి సంబంధించిన ఆ రెండు అంకెలూ రైతు చేతిలో ఉండాలి.